అంతరిక్ష సిమ్యులేషన్ గేమ్‌లో కంటికి కనిపించని పనిని గుర్తుపట్టడం ఎలా

మంచి అంతరిక్ష సిమ్యులేషన్ గేమ్‌లో ప్రోగ్రామర్ పడ్డ కష్టం తెర మీద కనిపించదు. నౌక వణక్కుండా నిలబడుతుంది. గంటలు గడిచినా కక్ష్య చెదరదు. గ్రహం మీదకు దిగుతుంటే నేల ఎక్కడా అతుకు తెలియకుండా విచ్చుకుంటుంది. ఆడేవాళ్లకు ఇదంతా సహజంగా జరిగిపోతున్నట్టే ఉంటుంది, కానీ ఇందులో ఏదీ దానంతట అది జరగదు. ఒకరో ఇద్దరో, మహా అయితే పదిమందో కలిసి చేసిన గేమ్‌లో అలాంటి ప్రతి నిలకడ వెనకా నెలల తరబడి వేసిన లెక్కలుంటాయి.

ఆ పనిని చూడాలంటే గేమ్‌ను అది తేలిగ్గా విరిగిపోయే చోటికి తీసుకెళ్లాలి. చాలా దూరం, చాలా వేగం, చాలా సేపు, చాలా దగ్గర: ఈ నాలుగు అంచుల్లోనే సంగతి బయటపడుతుంది. అక్కడ గేమ్ విరక్కపోతే, మీకంటే ముందే ఎవరో అక్కడికి వెళ్లి బాగు చేసి వచ్చారన్నమాట. కింద చెప్పే పరీక్షలన్నీ ఆ అంచులకు దారులే.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

స్టాప్‌వాచ్, కాలిక్యులేటర్, రాసుకోవడానికి కాగితం. గేమ్‌లో ఫ్రేమ్ సమయం (తెర మీద ఒక్కో బొమ్మ గీయడానికి పట్టే సమయం) చూపించే సదుపాయం లేకపోతే విండోస్‌లో ప్రెజెంట్‌మాన్, లినక్స్‌లో మ్యాంగోహడ్ పెట్టుకోండి. సెకనుకు ఎన్ని ఫ్రేములన్న సగటు అంకె ఇక్కడ పెద్దగా పనికిరాదు. ఒక్కో ఫ్రేముకు ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో చూపే గీత కావాలి. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు. మధ్యలో ఒక్కసారి 100 మిల్లీసెకన్లు పట్టినా సగటులో అది కనబడదు, కంటికి మాత్రం గట్టిగా తగులుతుంది.

మొదటిసారి చేసేవాళ్లు కోడ్ కూడా తెరిచి ఉన్న గేమ్‌తో మొదలుపెట్టడం మంచిది. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో పనిచేసిన మార్టిన్ ష్వైగర్ 2000లో విడుదల చేసిన ఆర్బిటర్ అందుకు బాగా సరిపోతుంది. దాని కోడ్‌ను ఆయన 2021లో ఎంఐటీ లైసెన్సుతో అందరికీ ఇచ్చేశారు. పయొనీర్, ఊలైట్ అనే గేమ్‌లు కూడా కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే జీపీఎల్ లైసెన్సు కింద ఉన్నవి. ఆటలో చూసిన ప్రవర్తనకు కోడ్‌లో కారణం వెతుక్కోవచ్చు కాబట్టి నేర్చుకునేది రెట్టింపవుతుంది.

ప్రతి పరీక్షకూ ముందు గేమ్‌ను సేవ్ చేసి, ఆ ఫైలుకు ఒక కాపీ తీసి పక్కన పెట్టుకోండి. ఎక్కడో తేడా కనిపిస్తే అదే స్థితి నుంచి మళ్లీ చేసి చూడాలి. ఒకసారి కనిపించి రెండోసారి కనిపించనిదాని గురించి అప్పుడే ఏ తీర్పూ ఇవ్వకూడదు.

దూరం పెరిగితే అంకెలు ఎందుకు విరుగుతాయి

అన్నిటికంటే ముందు అర్థం చేసుకోవాల్సింది ఇదే. దీనికి ఎక్కువ సమయం ఇవ్వండి.

గ్రాఫిక్స్ కార్డులు, చాలా గేమ్ ఇంజిన్లు (గేమ్‌ను నడిపే మూల సాఫ్ట్‌వేర్లు) వస్తువుల స్థానాన్ని 32 బిట్ల ఫ్లోట్ సంఖ్యల్లో దాచుకుంటాయి. ఆ 32లో అంకెల కచ్చితత్వానికి దక్కేది 24 బిట్లే. అంటే 1,67,77,216 దాటాక ఆ సంఖ్య ఒక్కొక్కటి చొప్పున పెరగలేదు, రెండేసి చొప్పునే పెరుగుతుంది. స్థానాన్ని మీటర్లలో కొలుస్తున్నామనుకోండి. మూలబిందువు (కొలత సున్నా నుంచి మొదలయ్యే చోటు) నుంచి 10 కి.మీ. దూరంలో అతి చిన్న గెంతు దాదాపు 1 మిల్లీమీటరు. 1,000 కి.మీ. దగ్గర 6 సెంటీమీటర్ల పైమాట. 17,000 కి.మీ. దగ్గర 2 మీటర్లు. సూర్యుణ్ణి మూలబిందువుగా పెట్టుకుని భూమి దాకా, అంటే 15 కోట్ల కి.మీ. వస్తే, ఒక్కో గెంతు 16,384 మీటర్లు. నెప్ట్యూన్ దగ్గర 524 కి.మీ. అంత పెద్ద అడుగులతో స్టేషన్‌కు నౌక అతుక్కునే డాకింగ్ పోర్టులోకి దూరడం కుదరని పని.

64 బిట్ల సంఖ్య, అంటే డబుల్ వాడితే భూమి దూరంలో గెంతు 0.03 మిల్లీమీటర్లకు, నెప్ట్యూన్ దగ్గర 1 మిల్లీమీటరుకు తగ్గుతుంది. ఒక సౌరకుటుంబానికి ఇది ధారాళంగా సరిపోతుంది. కాంతి సంవత్సరం దూరంలో మాత్రం మళ్లీ 2 మీటర్లు. అందుకే అనేక నక్షత్రాలున్న గేమ్‌లో డబుల్ ఒక్కటే చాలదు. ఒక్కో నక్షత్రానికి విడిగా మూలబిందువు పెట్టాలి, దాని కింద గ్రహానికొకటి, దాని కింద స్టేషన్‌కొకటి. నౌక ఒకదాని పరిధిలోంచి ఇంకోదానిలోకి దాటినప్పుడల్లా స్థానాన్నీ వేగాన్నీ కొత్త లెక్కలోకి మార్చాలి. పయొనీర్ కోడ్‌లో ఫ్రేమ్ అనే పేరుతో ఈ ఏర్పాటు కనిపిస్తుంది (తెర మీది ఫ్రేమ్ వేరు, ఇది వేరు).

బొమ్మ గీసేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. లెక్కలన్నీ డబుల్‌లో చేసినా గ్రాఫిక్స్ కార్డుకు చివరికి ఇచ్చేది ఫ్లోటే. కాబట్టి వస్తువు స్థానంలోంచి కెమెరా స్థానాన్ని ముందు డబుల్‌లోనే తీసేసి, మిగిలిన చిన్న సంఖ్యను ఫ్లోట్‌గా మార్చాలి. ఈ వరుస తిరగబడితే, అంటే ముందు ఫ్లోట్‌గా మార్చి తర్వాత తీసివేస్తే, డబుల్ వాడిన ఫలితమంతా కోడ్‌లోని ఆ ఒక్క గీతలో (లైనులో) పోతుంది. కొత్తగా చేసేవాళ్లు ఎక్కువగా పడే గొయ్యి ఇదే.

గేమ్ ఇంజిన్‌లో డబుల్ వాడే వీల్లేనివాళ్లు ఇంకో దారి పట్టారు: నౌకను మూలబిందువు దగ్గరే ఉంచి చుట్టూ ఉన్న లోకాన్ని కదపడం. 2019లో వచ్చిన అవుటర్ వైల్డ్స్‌లో ఆటగాడు కేంద్రంలోనే ఉంటాడు, గ్రహాలు అతని చుట్టూ జరుగుతాయి. కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ అనే గేమ్ తొలి రోజుల్లో వేగం బాగా పెరిగితే నౌక భాగాలు కారణం లేకుండా ఊగి, విడిపోయి, ముక్కలయ్యేవి. ఆటగాళ్లు ఆ బగ్‌కు క్రాకెన్ అని పేరు పెట్టారు. లోకాన్ని నౌక చుట్టూ జరపడమే కాక నౌక వేగాన్ని కూడా లోకం మీదకే బదిలీ చేసే కోడ్ తర్వాత వచ్చింది. దానికి క్రాకెన్స్‌బేన్ అని పేరు.

ఇక పరీక్ష. ఆట మొదలైన చోటే బయటి కెమెరాను నౌకకు వీలైనంత దగ్గరగా తెచ్చి, చాలా నెమ్మదిగా తిప్పండి. నౌక ఒంటి మీది సన్నని గీతల్నీ నీడల అంచుల్నీ చూడండి. ఇప్పుడు ఆ నక్షత్రానికి అన్నిటికంటే దూరంగా ఉన్న గ్రహం దగ్గరికో స్టేషన్ దగ్గరికో వెళ్లి, నౌకను ఆపి, అదే పని చేయండి. గీతలు వణుకుతుంటే బొమ్మ లెక్కలో కచ్చితత్వం పోతోంది. బొమ్మ నిలకడగా ఉండి డాకింగ్‌లో నౌక చిన్న చిన్న గెంతులు వేస్తుంటే భౌతికశాస్త్రపు లెక్కలో పోతోంది. రెండూ బాగుంటే ఇంకో మెట్టు ఎక్కండి: ఇంజిన్ వెలిగించి నేరుగా చాలా దూరం పోతూ, వెనక వచ్చే పొగ చారనూ వదిలిన క్షిపణినీ గమనించండి. మూలబిందువు మారే క్షణంలో మరిచిపోయిన వస్తువు ఒక్కసారిగా పక్కకు ఎగురుతుంది. మామూలుగా మరిచిపోయేవి పొగ చారలు, ధ్వని మూలాలు, నీడలు. ఇవి కూడా కదలకుండా ఉంటే, ఆ ప్రోగ్రామర్ ఒక్కో వస్తువునూ విడిగా పట్టించుకున్నారని నమ్మవచ్చు.

కక్ష్యను కాలంతో పరీక్షించడం

భూమికి 400 కి.మీ. ఎత్తున వృత్తాకార కక్ష్యలో నౌక వేగం సెకనుకు 7.67 కి.మీ., ఒక ప్రదక్షిణకు దాదాపు 92.6 నిమిషాలు. సెకనుకు 60 సార్లు లెక్క వేసే గేమ్‌లో ఒక్కో అడుగుకు నౌక 128 మీటర్లు జరుగుతుంది. ఈ అడుగుల్ని ఎలా కలుపుతారన్న దాని మీదే అంతా ఆధారపడుతుంది.

అన్నిటికంటే తేలికైన ఆయిలర్ పద్ధతిలో పాత వేగంతో స్థానాన్ని జరిపి, ఆ తర్వాత పాత స్థానంలోని ఆకర్షణతోనే వేగాన్ని మారుస్తారు. అలా చేస్తే ప్రతి అడుగులో నౌక వంపు నుంచి కొద్దిగా బయటకు జారుతుంది. పైన చెప్పిన కక్ష్యలో అది ప్రదక్షిణకు దాదాపు 1.6 కి.మీ. పెరుగుదల. అడుగును ఒక సెకనుకు పెంచితే ప్రదక్షిణకు 90 కి.మీ. పైనే. అదే కోడ్‌లో రెండు గీతల వరుస మార్చి, ముందు వేగాన్ని సవరించి ఆ కొత్త వేగంతో స్థానాన్ని జరిపితే శక్తి ఒక పరిధిలో అటూ ఇటూ ఊగుతుందే తప్ప ఏకబిగిన పెరగదు. రెండు గీతలు తారుమారు చేస్తే కక్ష్య నిలబడుతుందన్న ఈ సంగతి ఎన్నిసార్లు తలుచుకున్నా ముచ్చటేస్తుంది. పేరున్న నాలుగో తరగతి రూంగే-కుట్టా పద్ధతి ఒక్కో అడుగులో ఎంతో కచ్చితంగా ఉంటుంది గానీ, చాలా ప్రదక్షిణలు పోయాక శక్తి నెమ్మదిగా ఒకే వైపుకు జారుతుంది. ఆర్బిటర్‌లో ఎక్స్‌ట్రా ట్యాబ్ కింద ఈ పద్ధతుల్ని మార్చి పోల్చుకునే వీలుంది. అంతగా తెరిచి చూపించే సిమ్యులేషన్లు అరుదు.

కాలాన్ని వేగంగా నడపడం దీనికంటే కష్టం. వెయ్యి రెట్ల వేగంలో ఒక్కో ఫ్రేమ్ 16.7 సెకన్లు మింగుతుంది, నౌక 128 కి.మీ. గెంతుతుంది. లక్ష రెట్లలో ఒక ఫ్రేమ్ అంటే 28 నిమిషాలు. మూడున్నర ఫ్రేముల్లోపే ప్రదక్షిణ పూర్తి. అక్కడ అడుగులు కలిపే ఏ పద్ధతీ నిలవదు. అందుకని కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ లాంటివి ఆ వేగాల్లో భౌతిక లెక్కను పూర్తిగా ఆపేసి, నౌకను కెప్లర్ సమీకరణం చెప్పిన చోట కూర్చోబెడతాయి. ఆ సమీకరణానికి నేరుగా జవాబు రాదు. ఒక ఊహతో మొదలుపెట్టి న్యూటన్ పద్ధతిలో దాన్ని సవరించుకుంటూ పోవాలి. మామూలు కక్ష్యకు నాలుగైదు సవరణలు చాలు. బాగా సాగిన దీర్ఘవృత్తంలో, అందులోనూ గ్రహానికి దగ్గరగా వచ్చే చోట, మొదటి ఊహ సరిగ్గా లేకపోతే జవాబు ఎటో పారిపోతుంది.

పరీక్ష ఇలా చేయండి. వాతావరణానికి బాగా పైన ఒక కక్ష్యలో చేరి, ఇంజిన్లన్నీ ఆపి, అపోయాప్సిస్ (కక్ష్యలో గ్రహానికి అన్నిటికంటే దూరపు చోటు), పెరియాప్సిస్ (అన్నిటికంటే దగ్గరి చోటు), ప్రదక్షిణ కాలం రాసుకోండి. ఆర్బిటర్‌లో అయితే పారామీటర్స్ ట్యాబ్‌లో గోళాకారం కాని గురుత్వాకర్షణకు సంబంధించిన టిక్కును తీసేయండి. లేకపోతే భూమి నిజంగానే నౌకను లాగే తేడాలు కలిసిపోయి, తప్పేదో నిజమేదో తెలియదు. ముందు మామూలు వేగంలో ఒక ప్రదక్షిణ, తర్వాత వెయ్యి రెట్ల వేగంలో పది, ఆ తర్వాత కాల వేగాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఇంకో పది. ఒక్కో దశ తర్వాత అంకెలు మళ్లీ రాయండి. మూడో దశలోనే ఎక్కువ బగ్గులు దొరుకుతాయి, ఎందుకంటే ఒక లెక్క నుంచి ఇంకో లెక్కకు మారే ప్రతిసారీ చిన్న ముక్క ఏదో జారిపోయే అవకాశం ఉంటుంది.

పెరియాప్సిస్ నేల కిందకి పోయేలా కక్ష్యను మార్చి, అత్యధిక కాల వేగం పెట్టి కూడా చూడండి. గేమ్ తనంతట తాను వేగం తగ్గిస్తే మంచి పని. నౌక గ్రహంలోంచి దూరి అవతలి వైపు తేలితే ఆ పని ఇంకా మిగిలి ఉంది.

ఒక జాగ్రత్త. కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్‌లో నౌక మీద ఒక సమయంలో ఒక్క గోళపు ఆకర్షణే పనిచేస్తుంది, కాబట్టి లగ్రాంజ్ బిందువుల (రెండు గోళాల ఆకర్షణా కలిసి నౌకను వాటితోపాటే తిప్పే చోట్ల) చుట్టూ తిరిగే కక్ష్యలు అక్కడ కుదరవు. దాన్ని తప్పుగా లెక్కపెట్టకండి. ముందున్న దారినంతా ఒక శుభ్రమైన వంపుగా గీసి చూపించాలంటే, ఎంత కాల వేగంలోనైనా నౌకల్ని నిలబెట్టాలంటే అది తెలిసి చేసుకున్న ఎంపిక. ఆర్బిటర్ ఇంకో దారిలో పోయి అనేక గోళాల ఆకర్షణనూ కలుపుతుంది. ఏ గేమ్ ఏది వదులుకుని ఏది తెచ్చుకుందో గమనించడమే అసలైన మెచ్చుకోలు.

కనుచూపు లోతు, గ్రహం నేల

ఒకే ఫ్రేములో కాక్‌పిట్ మీట అర మీటరు దూరంలో ఉంటుంది, గ్రహం లక్ష కి.మీ. దూరంలో ఉంటుంది. ఏది ముందు, ఏది వెనక అని గ్రాఫిక్స్ కార్డు నిర్ణయించే లోతు బఫర్ మామూలు అమరికలో తన కచ్చితత్వంలో ఎక్కువ భాగాన్ని దగ్గరి వస్తువులకే ఖర్చు చేసేస్తుంది. 24 బిట్ల బఫర్‌లో దగ్గరి హద్దు 10 సెంటీమీటర్లు పెడితే, 1 కి.మీ. దూరంలో 60 సెంటీమీటర్ల తేడా ఉంటేనే రెండు తలాలను వేరు చేయగలదు, 10 కి.మీ. దగ్గర 60 మీటర్లు కావాలి. దూరం పదింతలైతే తప్పు వందింతలు. దూరపు స్టేషన్ గోడల మీద చారలు మిణుకు మిణుకుమంటే ఇదే కారణం. దీనికి మూడు మందులున్నాయి: లాగరిథమ్ కొలతలో లోతు రాయడం, ఫ్లోట్ బఫర్‌ను దగ్గర 1, దూరం 0 అయ్యేలా తలకిందులుగా వాడటం, దూరపు దృశ్యాన్నీ దగ్గరి దృశ్యాన్నీ విడివిడిగా గీసి అతకడం. మూడో పద్ధతి పాతది, తేలికైనది. కానీ అతుకు గీత మీద పెద్ద నౌక సగం అటు సగం ఇటు పడితే పట్టుబడుతుంది. పెద్ద స్టేషన్ నుంచి నెమ్మదిగా వెనక్కి జరుగుతూ 50 కి.మీ. దాకా పోండి, దాన్నే చూస్తూ ఉండండి.

నేల సంగతి ఇంకా బాగుంటుంది. చాలా గేమ్‌లు గ్రహాన్ని ఆరు ముఖాల ఘనాన్ని ఊదినట్టు కట్టి, ఒక్కో ముఖాన్నీ దగ్గరికి వచ్చేకొద్దీ నాలుగేసి ముక్కలుగా కోస్తూ పోతాయి. భూమంత గ్రహానికి ఒక ముఖం అంచు దాదాపు 10,000 కి.మీ. 20 సార్లు కోస్తే ఒక్కో ముక్క అంచు పది మీటర్లలోపు. ముక్కకు 32 గళ్లు పెడితే గడికి 30 సెంటీమీటర్లు. ఇన్ని ముక్కల్ని ముందే తయారుచేసి దాచడం అసాధ్యం, కాబట్టి నౌక దిగుతుండగానే వెనక వేరే థ్రెడ్లలో (ఒకేసారి పక్కపక్కన నడిచే పనుల్లో) పుట్టించాలి, వెనకబడ్డవాటిని పారేయాలి. పక్కపక్క ముక్కలు వేర్వేరు స్థాయిల్లో ఉంటే వాటి అంచులు కలవవు; ఆ చీలికలోంచి ఆకాశం తెల్లటి చుక్కల్లా కనిపిస్తుంది. చాలామంది ప్రతి ముక్క అంచునా కిందికి వేలాడే పావడా లాంటి పట్టీ కట్టి దాన్ని మూసేస్తారు.

నిటారుగా దిగకండి. సెకనుకు ఒకటి రెండు కి.మీ. వేగంతో నేలకు దగ్గరగా, అడ్డంగా పోతూ ఫ్రేమ్ సమయపు గీతను చూడండి. ముక్కలు పుట్టే భారం అప్పుడే బయటపడుతుంది. తర్వాత ఏటవాలు గుట్ట మీద దిగి, సేవ్ చేసి, గేమ్ మూసి, మళ్లీ తెరవండి. నౌక గాల్లోకి ఎగిరినా నేలలో కూరుకుపోయినా, బొమ్మ కోసం కట్టిన నేల ఒకటి, ఢీకొనడం కోసం కట్టిన నేల ఇంకొకటి అయి ఉంటాయి. లేదా ఢీకొనే నేల తయారయ్యేలోపే నౌక మేలుకొని ఉంటుంది. వందసార్లు తెరిచినా దిగిన చోటే నిలబడి ఉండే నౌక చిన్న విషయం కాదు.

విత్తనం నుంచి విశ్వం

1984లో డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ బీబీసీ మైక్రో కోసం రాసిన ఎలైట్‌లో 8 గెలాక్సీలు, ఒక్కోదాంట్లో 256 నక్షత్రాలు. ఆ కంప్యూటర్ మెమరీ మొత్తం 32 కిలోబైట్లు. 2,048 నక్షత్రాల వివరాలు అందులో దాచలేరు, కాబట్టి వాళ్లు దాచలేదు. మూడు 16 బిట్ల సంఖ్యలు, అంటే 6 బైట్లు పెట్టుకుని, మూడింటినీ కూడి ఆ మొత్తాన్ని చివర చేర్చి, మొదటిదాన్ని వదిలేస్తూ ముందుకు నడిపారు. ఒక్కో మలుపులో వచ్చిన అంకెల్లోంచే పేరు, ఆర్థిక స్థితి, ప్రభుత్వం అన్నీ పుట్టాయి. ఇవాళ్టి గేమ్‌లు ఎంత పెద్దవైనా మూలసూత్రం మారలేదు: ఒకే విత్తనం, అంటే మొదట ఇచ్చిన సంఖ్య నుంచి ఎప్పుడు పుట్టించినా ఒకే లోకం రావాలి.

పలికినంత తేలిక కాదిది. నాలుగు థ్రెడ్లు ఒకే యాదృచ్ఛిక సంఖ్యల వరుసను పంచుకుంటే, ఏది ముందు పరిగెత్తితే లోకం ఆ ప్రకారం మారుతుంది. కొత్త వెర్షన్‌లో ఒక్క చెట్టు రకం చేర్చినా, ఆ తర్వాత వచ్చే అంకెలన్నీ ఒక స్థానం జరిగి పర్వతాలు తారుమారవుతాయి. సేవ్ ఫైలులో ఆటగాడి ఇల్లు కొండ మీద ఉండేది, ఇప్పుడు కొండ లోపల ఉంటుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఒక్కో అంశానికి విడి విత్తనం పెడతారు: నేలకు ఒకటి, పేర్లకు ఒకటి, మొక్కలకు ఒకటి.

పరీక్షకు ఏదో ఒక మారుమూల గ్రహం మీద గుర్తుపట్టగల చోటు ఎంచుకుని స్క్రీన్‌షాట్ తీయండి, అక్షాంశ రేఖాంశాలు రాసుకోండి. పది నక్షత్రాలు తిరిగి, గేమ్ మూసి, తెరిచి, వేరే దిక్కు నుంచి అక్కడికే రండి. వీలైతే వేరే కంపెనీ గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్‌లోనూ చూడండి. నేలను కార్డు మీదే లెక్కించే గేమ్‌లలో చివరి దశాంశాల తేడాలు అక్కడే బయటపడతాయి. సేవ్ ఫైలు పరిమాణాన్ని కూడా గమనించండి. మీరు మార్చినవాటిని మాత్రమే దాచే గేమ్‌లో ఎన్ని నక్షత్రాలు చూసొచ్చినా అది దాదాపు పెరగదు.

ఆటోపైలట్, ఇంకా కొన్ని చిన్న పరీక్షలు

ఆగే దూరానికి లెక్క తేలిక: వేగం వర్గాన్ని త్వరణానికి రెట్టింపుతో భాగించాలి. సెకనుకు 200 మీటర్ల వేగం, ప్రతి సెకనుకూ 5 మీటర్ల చొప్పున తగ్గించగల ఇంజిన్ అయితే 4 కి.మీ. దూరం, 40 సెకన్ల సమయం. ఆటోపైలట్ దీనికి నౌక వెనక్కి తిరగడానికి పట్టే కాలం కలపాలి, ఇంధనం తగ్గేకొద్దీ బరువు తగ్గడం చూసుకోవాలి, గమ్యం కూడా కదులుతోందని గుర్తుంచుకోవాలి. ఖాళీ నౌకతో ఒకసారి, సరుకు నిండా నింపి ఒకసారి, తిరుగుతున్న స్టేషన్ వైపు పంపండి. నిండు నౌక స్టేషన్‌ను దాటిపోయి వెనక్కి వస్తే బరువు లెక్కలో లేదు. చివర్లో ముందుకూ వెనక్కూ ఊగుతూ ఉంటే సవరణ మరీ ఘాటుగా ఉంది. రెండుసార్లూ ఒకే ఊపులో వచ్చి ఆగితే, ఆ కోడ్ రాసినవాళ్లు దానిమీద చాలాకాలం గడిపి ఉంటారు.

సెకనుకు 1 కి.మీ. వేగంతో పోయే గుండు 60 లెక్కల్లో ఒక్కోదానికి దాదాపు 17 మీటర్లు గెంతుతుంది. 10 మీటర్ల నౌక ఆ గెంతు మధ్యలో ఉంటే గుండు తగలకుండానే దాటిపోవచ్చు. దారి మొత్తాన్నీ ఒక గీతగా తీసుకుని పరీక్షించే కోడ్ ఉంటే తగులుతుంది. సన్నటి లక్ష్యం మీద ఒకే చోటు నుంచి యాభైసార్లు కాల్చి లెక్కపెట్టండి.

నౌక ముక్కును నిటారుగా పైకెత్తి, అక్కడినుంచి పక్కకు తిప్పండి. ఒక్కసారిగా గిర్రున తిరిగిందంటే కోణాలతో నడుస్తోంది. సాఫీగా తిరిగితే ఆ చిక్కు లేని క్వాటర్నియన్లు (తిప్పడాన్ని నాలుగు అంకెల్లో రాసే పద్ధతి), లేదా మాత్రికలు వాడారు.

కోడ్ తెరిచినప్పుడు ఎక్కడ చూడాలి

మొదటి ఫైలు మొదటి గీత నుంచి చదవకండి, గంటలో విసుగొస్తుంది. ఆటలో మీరు చేసిన పరీక్షల్లో ఒకదాన్ని ఎంచుకుని దాని వెంటే పోండి. పయొనీర్‌లో ఆటోపైలట్ నచ్చితే, పేరులో షిప్ ఏఐ అని ఉన్న ఫైలు తెరవండి. గ్రహాల నేల కావాలంటే జియోస్ఫియర్ అని వెతకండి. కోడ్ మార్పుల్ని నమోదు చేసే గిట్‌లో ఆ ఫైలు చరిత్ర తీసి, మార్పుల వెంట రాసిన సందేశాలు పాతవాటి నుంచి కొత్తవాటి వరకు చదవండి. ఇవాళ పది గీతలున్న చోట ముప్పై మార్పులు జరిగి ఉండటం మామూలే. బ్లేమ్ ఆదేశంతో ఒక్కో గీత ఎప్పుడు, ఏ కారణంతో వచ్చిందో తెలుస్తుంది. వింతగా కనిపించే ఒక షరతు, ఎక్కడినుంచో ఊడిపడ్డట్టున్న ఒక చిన్న సంఖ్య దాదాపు ఎప్పుడూ ఎవరి నౌకో పేలిపోయాకే వచ్చి చేరుతుంది.

రెండు చోట్లు తప్పక చూడండి. ఒకటి, కాలాన్ని ముక్కలు చేసే ప్రధాన వలయం. ఫ్రేమ్ ఆలస్యమైతే ఎన్ని లెక్కలు బాకీపడ్డాయో చూసి తీర్చడం, ఆ బాకీకి ఒక గరిష్ఠ హద్దు పెట్టడం అక్కడ ఉండాలి. హద్దు లేకపోతే నెమ్మదైన కంప్యూటర్‌లో బాకీ తీర్చే పనే కొత్త బాకీని పెంచి గేమ్ నిలిచిపోతుంది. రెండోది, పాత సేవ్ ఫైళ్లను కొత్త వెర్షన్‌కు మార్చే కోడ్. ఆకర్షణ లేని పని అది. ఏళ్ల కిందటి ఆటను ఇంకా తెరవనిస్తున్నారంటే ఆడేవాళ్ల కాలానికి విలువ ఇస్తున్నారు.

కోడ్ మూసి ఉన్న గేమ్‌లకు రెండర్‌డాక్ ఉంది. దాని ద్వారా గేమ్‌ను మొదలుపెట్టి ఎఫ్12 నొక్కితే ఆ ఒక్క ఫ్రేమ్ ఎలా గీశారో వరుసగా చూపిస్తుంది, లోతు బఫర్‌తో సహా. మోసాల్ని పట్టే సాఫ్ట్‌వేర్ ఉన్న ఆన్‌లైన్ గేమ్‌ల మీద మాత్రం దీన్ని వాడకండి, ఖాతా పోయే ప్రమాదం ఉంది. వెర్షన్ నోట్స్ కూడా ఓపిగ్గా చదవండి. డాకింగ్‌లో వణుకు సరిచేశాం అని ఒక్క ముక్క రాసి ఉంటే, దాని వెనక ఎంత ఉంటుందో పై పరీక్షలు చేశాక మీకే తెలుస్తుంది.

చేసినవాళ్లకు చెప్పడం

గేమ్ సూపర్ అంటే వాళ్లకు సంతోషమే గానీ, ఏది బాగుందో తెలియదు. మీరు కొలిచింది చెప్పండి: ఫలానా వెర్షన్‌లో ఫలానా కక్ష్యలో వెయ్యి రెట్ల కాల వేగంతో పది ప్రదక్షిణలు తిప్పితే పెరియాప్సిస్ మీటరు కూడా మారలేదని. రివ్యూలో ఇలాంటి ఒక్క వాక్యం కొనబోయేవాళ్లకూ పనికొస్తుంది, ఆ పని చేసినవాళ్లకు ఎవరో చూశారన్న ధైర్యాన్నిస్తుంది. మెచ్చుకునే ఉత్తరంలోనే కొత్త కోరికల జాబితా కలపొద్దు. అది విడిగా రాయండి.

తప్పు దొరికితే ఒక రిపోర్టులో ఒక్క తప్పే. గేమ్ వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్, గ్రాఫిక్స్ కార్డు, దాని డ్రైవర్ వెర్షన్, విత్తనం లేదా నక్షత్రం పేరు, నౌక, వేసుకున్న మోడ్‌లు (గేమ్‌కు ఇతరులు చేసిన అదనపు మార్పులు). మోడ్‌లు తీసేసి మళ్లీ ప్రయత్నించాకే రిపోర్టు పెట్టండి. ఏం చేస్తే ఏమైంది, ఏమవాల్సింది, పది ప్రయత్నాల్లో ఎన్నిసార్లు అయింది. తప్పు జరగడానికి అర నిమిషం ముందు తీసిన సేవ్ ఫైలు, లాగ్ ఫైలు జతచేయండి. కారణాన్ని ఊహిస్తే ఊహ అనే రాయండి. దాన్ని నిర్ధారణలా రాస్తే రెండు రోజులు తప్పు చోట వెతుకుతారు. ఆ తప్పు సరిచేశామని కొత్త వెర్షన్ వచ్చినప్పుడు, పక్కన పెట్టుకున్న అదే సేవ్ ఫైలుతో అదే పరీక్ష మళ్లీ చేసి, వచ్చిన అంకెల్ని ఆ రిపోర్టు కిందే రాయండి.